అత్తయ్య స్కానింగ్ కవరు

తొంభైల చివర్లో, బెజవాడలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్న నాకు, వైద్యం ఖర్చులు ఎందుకు పెరుగుతున్నాయో పరిశోధన చేద్దామని బుద్ధి పుట్టింది. సెలవు దొరికితే చాలు, ఫారాల కట్ట సంచిలో పెట్టుకుని పామర్రు బస్సెక్కేదాన్ని. ఆ పల్లెల్లో నేను కూర్చునే అరుగు మారేది గానీ ప్రశ్నలు మారేవి కావు. జబ్బేమిటి, ఎక్కడ చూపించారు, ఏ పరీక్షలు చేయించారు, ఎవరు చేయించమన్నారు. ఇంటికొచ్చేసరికి కాళ్ళు లాగేసేవి. మాతోనే ఉండే మా అత్తయ్య వేణ్ణీళ్ళు కాచి ఉంచేది.

ఒక ఊళ్ళో ఓ రైతు ఆ చివరి ప్రశ్నకు "చూడ్డానికొచ్చేవాళ్ళు అడుగుతారు కదండీ, అందుకని చేయించాం" అన్నాడు. ఫారంలో ఆ జవాబుకి గడి లేదు. "ఇతరాలు" దగ్గర టిక్కు పెట్టి, బస్సులో తలుచుకుని నవ్వుకున్నాను. చదువుకున్నానన్న పొగరు.

ఆ వేసవిలోనే అత్తయ్యకు కళ్ళు తిరిగాయి. వీధి చివర ముసలి డాక్టరు గారు బీపీ చూసి, నాలుగు ప్రశ్నలడిగి, ఈవిడ మేడ మీద ఎండలో వడియాలు పెడుతూ నీళ్ళు తాగడం మరిచిపోయారు, అంతకు మించి ఏమీ లేదు, పరీక్షలు అక్కర్లేదన్నారు. రెండు రోజుల్లో ఆవిడ లేచి తిరిగింది. డాక్టరు గారు ఏమీ లేదన్నారని పక్కింటావిడకు గొప్పగా చెప్పుకుంది కూడా.

మూడో రోజు చల్లపల్లి నుంచి మా ఆడపడుచు వచ్చింది. తల్లి పక్కన కూర్చుని, "తలకి స్కానింగ్ తీయించలేదా వదినా?" అంది. గొంతులో కోపమేమీ లేదు. నాకు మాత్రం, కన్నతల్లయితే ఇలాగే ఊరుకునేదా అన్నట్టు వినిపించింది. సాయంత్రం చూడ్డానికొచ్చిన అత్తయ్య వాళ్ళ అక్కా అదే అడిగింది. మా ఆయన పేపరు మడిచి, నీ ఇష్టం అన్నారు. అలా ఆయన తప్పుకున్నారు.

అక్కర్లేని పరీక్షల మీద ఒక అధ్యాయమే రాస్తున్న మనిషిని, మర్నాడు పొద్దున్నే ఆటో పిలిచాను. బాగానే ఉన్నాను కదమ్మా, నేను రానంది అత్తయ్య. చెయ్యి పట్టుకుని ఎక్కించాను. మిషన్ దగ్గర ఆవిడ ఆ చెయ్యి వదల్లేదు, అక్కడివాళ్ళే విడిపించారు. రిపోర్టులో ఏమీ లేదు. వచ్చినవాళ్ళందరికీ ఆ పెద్ద కవరు చూపించాను. అందరూ తృప్తిగా తలూపారు. నా పరువు దక్కింది.

అత్తయ్యకే నమ్మకం పోయింది. ఏమీ లేనిదానికి అంత పెద్ద మిషన్లో ఎందుకు పడుకోబెడతారని ఆవిడ అనుమానం. వడియాలు మానేసింది, మేడ మెట్లెక్కడం మానేసింది. ముసలి డాక్టరు గారి మాట మీద ఇక గురి కుదరలేదు. తలనొప్పి వచ్చినా, నిద్ర పట్టకపోయినా ఇంకో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమనేది. వెళ్ళినచోటల్లా ఇంకో కవరు. ఆటోలో ఆవిడ పక్కన కూర్చున్నప్పుడల్లా నా మీద నాకే విసుగొచ్చేది. చేజేతులా చేసుకున్నాక ఎవర్ననాలి?

రెండువేలు దాటాక థీసిస్ పూర్తయింది. కొత్త మిషన్లు, మందుల ధరలు, కమీషన్లు, అన్నీ రాశాను. ఆ రైతు జవాబు "ఇతరాలు"లోనే ఉండిపోయింది. నా సంగతి అక్కడ కూడా రాయలేదు. సిగ్గేసింది, అప్పటికి ఓపికా అయిపోయింది.

బైండు చేసిన థీసిస్ ఇంటికి తెచ్చిన రోజు అత్తయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని అట్ట తడిమింది. ఆసుపత్రుల గురించి రాశానని చెప్పాను.

"ఇంత చదివావుగా అమ్మా, ఇప్పుడన్నా నిజం చెప్పు. ఆ రోజు నా తలలో ఏముందన్నారు?"

"ఏమీ లేదన్నారత్తయ్యా."

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "పోనీలే, నువ్వు మాత్రం ఎలా చెప్తావు" అని నా చెయ్యి నిమిరింది.