ఆటల కొట్టుకు రెండో తలుపు

రేకుల మీద వాన చప్పుడు మొదలైతే ఇప్పటికీ మౌస్ మీద నా కుడిచెయ్యి ఒక్క క్షణం ఆగిపోతుంది. కొన్ని నెలల కిందట ఒక గురువారం మధ్యాహ్నం మొదలైంది ఇది. రాజమండ్రిలో మా ఆఫీసు రెండో అంతస్తులో ఉంటుంది, పైన రేకుల షెడ్డు. వానకి నెట్ నెమ్మదించింది. మేం తయారుచేస్తున్న ప్రోగ్రామ్‌ని పరీక్షించడానికి కంప్యూటర్‌లో ఒక ఆట తెరిచాను. "ఆపిన చోటి నుంచి ఆడండి" అని ఉండాల్సిన చోట ఏమీ లేదు. "కొత్త ఆట" అన్న మాట ఒక్కటే ఉంది. చుట్టూ చూశాను, ఎవరూ గమనించలేదు. ఆ పరీక్ష ఖాతాలో ఆటని ఎవరో చెరిపేసి ఉంటారులే అనుకుని ఇంకో ఖాతాతో తెరిచాను. ఈసారి బాగానే వచ్చింది. నోరు మూసుకుని పక్క పనిలో పడ్డాను.

సత్యమూర్తి గారు మా ఆఫీసుకి పెద్ద. అరవైకి దగ్గరపడిన మనిషి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి ఆఫీసంతా వట్టికాళ్లతో తిరిగేవారు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఒక చిన్న విదేశీ కంపెనీకి మేం పని చేస్తాం. ఆటలు కొనుక్కోవడం, దించుకోవడం, ఆడుకోవడం అన్నీ ఆ కంపెనీ ప్రోగ్రామ్‌లోనే జరుగుతాయి. అది విండోస్ ఉన్న కంప్యూటర్లలో మాత్రమే నడిచేది. విండోస్ బదులు లినక్స్ పెట్టుకున్నవాళ్ల కంప్యూటర్లలో కూడా దాన్ని నడిచేలా చెయ్యడం మా పని. సత్యమూర్తి గారు దాన్ని కొట్టు అనే పిలిచేవారు. "సరుకు అదేనమ్మా. వెనకవీధి వాళ్లకి కూడా ఓ తలుపు పెడుతున్నాం, అంతే" అని నేను చేరిన రోజున చెప్పారు. లినక్స్‌లో ఆడేవాళ్లు బాగా తక్కువ. ఆ నలుగురి కోసం ఇంత అవస్థ ఎందుకండీ అని మాలో ఒకరు వేళాకోళం చేస్తే, శివారు చేలకి నీళ్లందకపోతే కాలవ తవ్వినట్టు కాదన్నారు.

కాలవ మాట ఆయన నోటికి ఊరికే రాలేదు. వాళ్ల నాన్నగారు ధవళేశ్వరం దగ్గర కాలవ గట్లు కాసే లస్కరు. వరద రోజుల్లో లస్కర్లంతా సాయంత్రం ఒకచోట చేరి, ఎవరికి ఎక్కడ అనుమానం తగిలిందో చెప్పుకునేవారట. గట్టు మీద అరచేతంత చెమ్మ కనబడినా చెప్పాల్సిందే. అది ఉత్తదని తేలినా ఎవరూ నవ్వకూడదు. ఆ పద్ధతినే ఆయన ఆఫీసులోకి తెచ్చారు. కొత్తది ఏది బయటకి వదలాలన్నా ముందు అందరినీ బోర్డు దగ్గరికి పిలిచి, ఎవరికి ఏం భయంగా ఉందో వరసగా అడిగి రాసేవారు. శుక్రవారం నా వంతు వచ్చింది. ఏమీ లేదండి అన్నాను.

చిన్నవాడు పుట్టాక రెండేళ్లు ఇంట్లో ఉండి, మళ్లీ చేరిన ఉద్యోగం అది. నా వల్ల పని ఆగిందనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

ముందుగా వాడి చూస్తామని పేర్లిచ్చిన కొద్దిమందికి ఆ సాయంత్రమే తలుపు తెరిచాం. సోమవారానికి, ఆపిన ఆట పోయిందని మెయిల్లో ఉత్తరాలు మొదలయ్యాయి. మనిషి ఆట ఎక్కడ ఆపాడో దాని నకలు ఒకటి కొట్టు వాళ్ల దగ్గర ఉంటుంది. కొత్త కంప్యూటర్‌లో ఆట తెరవగానే దాన్ని కిందికి తేవడం నేను రాసిన భాగం. నకలు, కంప్యూటర్‌లో ఉన్నది, ఈ రెండింటిలో ఏది తాజాదైతే అది ఉంచమని రాశాను. నెట్ నెమ్మదిగా ఉంటే నకలు దిగేలోపే ఆ కంప్యూటర్‌లో కొత్త ఆటకని ఖాళీ ఫైలు ఒకటి తయారయ్యేది. అప్పుడే పుట్టింది కనక అదే తాజాదని, నా ప్రోగ్రామ్ ఆ ఖాళీని కొట్టు వాళ్ల దగ్గరికి పంపి అసలు నకలుని తుడిచేసింది.

ఒకాయన ఉత్తరం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆ ఆట చనిపోయిన తన చెల్లెలిది. ఆమె కట్టుకున్న ఊరు అందులో ఉంది. అప్పుడప్పుడు తెరిచి ఆ వీధుల్లో నడిచి వస్తానని రాశాడు. అది తిరిగి దొరుకుతుందా అని అడిగాడు, అంతే.

దొరకదు. కొట్టు వాళ్లు ఒక్క నకలే ఉంచేవారు. జవాబు నన్నే రాయమన్నారు సత్యమూర్తి గారు. సాంకేతిక కారణాల వల్ల అని మొదలుపెట్టి తీసుకెళ్లాను. చదివి, కాగితం నా వైపు తిప్పారు.

"సాంకేతిక కారణం అంటే ఎవరమ్మా?"

అప్పుడు చెప్పేశాను. "నేను గురువారమే చూశానండి."

ఆయన ఒక కుర్చీ నా వైపు జరిపారు. తిట్టినా బాగుండుననిపించింది.

"చూసి ఎందుకు చెప్పలేదు?"

"పిల్లలు పుట్టాక దీనికి పని చేతకావడం లేదంటారని."

"అననీ అమ్మా. అనేవాళ్లకి ఆ ఊరు పోలేదుగా."

జరిగింది జరిగినట్టు రాశాను, నేను చూసి ఊరుకున్న సంగతితో సహా. కింద ఆయన కూడా సంతకం పెట్టారు. మర్నాడు ఒక్క వరసలో జవాబొచ్చింది. చెప్పినందుకు థాంక్స్, ఇక వెతకడం మానేస్తాను అని.

తలుపు అందరికీ తెరవడం నాలుగు నెలలు వెనక్కి వెళ్లింది. ఖాళీ ఎప్పుడూ నిండినదాన్ని గెలవకుండా, పాత నకళ్లు నిలిచేలా మళ్లీ రాశాను. నా పేరు ఆఫీసులో ఎవరూ ఎత్తకుండా చూసుకున్నారాయన.

చివరికి ఈ నెలలోనే తెరిచాం. తెరిచిన శుక్రవారం మెట్లెక్కుతూ ఆయన మధ్యలో గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డారు. నేను వెనకే ఉన్నాను. ఈ బిల్డింగుకి ఏడాదికి రెండు మెట్లు పెరుగుతున్నాయమ్మా అన్నారు. నవ్వాను. పైకొచ్చి అందరి భయాలూ అడిగి రాసుకున్నారు. ఆయన భయమేంటని మాలో ఒక్కరికీ అడగాలని తోచలేదు. ఆదివారం ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే అయిపోయింది. గుండెలో నొప్పి నాలుగు రోజులుగా ఉందట. "మీ పని అయ్యాక చూపించుకుంటానన్నారమ్మా" అన్నారు వాళ్లావిడ, నా చెయ్యి పట్టుకుని.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఇంకా సగమే వచ్చింది నాకు. ఆఫీసులో అనుమానమొస్తే వెంటనే చెప్పేస్తాను. చిన్నవాడి జ్వరం గురించి డాక్టర్ విసుక్కున్నా రెండోసారి అడుగుతాను. ఇంట్లో మాత్రం చేతకాలేదు. మా పిల్లలకి ఆయన ఆటల తాతగారు. నెలకోసారి వచ్చి, వాళ్లతో ఆడి, ఓడిపోయి, ఓడానని ఒప్పుకోకుండా వెళ్లేవారు. ఎప్పుడొస్తారని అడిగితే తణుకులో వాళ్లమ్మాయి ఇంటికి వెళ్లారని చెప్పాను. పదకొండు రోజులుగా అదే చెబుతున్నాను.

ఇక్కడివరకు రాత్రి రాశాను. ఇది పొద్దున్న కలుపుతున్నాను.

ఇడ్లీలు పెట్టి, వాళ్ల ఎదురుగా కూర్చుని చెప్పాను. తాతగారు తణుకు వెళ్లలేదు, చనిపోయారు, ఇక రారు అని. చిన్నవాడికి అర్థం కాలేదు. పెద్దమ్మాయి ప్లేటు పక్కకి జరిపి నా మొహంలోకి చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే తెలుసమ్మా. చెప్పడానికి భయపడ్డాను."