జీపెక్కిన ఇనుము

కొంచెం ఇటు జరిగి కూచోండమ్మా, చలిగా ఉంది, పొయ్యి సెగ అందరికీ తగలాలి. పొద్దున సున్నం తడిపాను. నీళ్ళు పడగానే అది బుస్సుమని పొంగింది. ఆ వేడి వాసన ముక్కుకు తగిలిందో లేదో, కాంతమ్మ టీచరు గుర్తొచ్చారు. మీరెవరూ ఆవిణ్ణి చూడలేదు. అందుకే చెబుతున్నాను, వినండి.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అరకు దగ్గర ఆశ్రమ పాఠశాల హాస్టల్లో గిన్నెలు తోమేదాన్ని. కాంతమ్మ గారు సాలూరు నుంచి వచ్చిన సైన్సు టీచరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం కొండ అవతలికి వినపడేది. ఆవిడ పాఠం చెబుతుంటే నేను గిన్నెలు పట్టుకెళ్ళి ఆ కిటికీ కిందే కూచునేదాన్ని. ఒకే గిన్నెను మూడుసార్లు తోమడం ఆవిడ కనిపెట్టేశారు. "ఓలె సోమాలమ్మా, ఆ గిన్నెకి సిల్లడిపోద్ది. లోపలికొచ్చి ఇను," అన్నారొకరోజు. సిగ్గేసి వెళ్ళలేదు.

మాకు కొండవాలులో కాఫీ తోట ఉంది. ఆ ఏడు దానికి తుప్పు తెగులు పట్టింది. ఆకు తిప్పితే అడుగున పసుపు చల్లినట్టు పొడి. నీలిరంగు మైలుతుత్తం నీళ్ళూ సున్నం నీళ్ళూ కలిపి కొట్టాలని మా కొండల్లో అందరికీ తెలుసు. ఇంట్లో ఉన్న ఇనప బకెట్టులో నేనే మైలుతుత్తం నానబెట్టి, పొలం పనికి పోయాను. వచ్చి చూస్తే నీలం నీళ్ళు వెలిసిపోయి లేతపచ్చగా ఉన్నాయి. బకెట్టు లోపలంతా ఎర్రటి రాగి. మా అత్త చూసి, ఊరి దేవత మనింట్లో అడుగుపెట్టిందని బకెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. నేనూ నమ్మాను. ఆ వెలిసిన నీళ్ళలోనే సున్నం పోసి తోటంతా కొట్టాను.

తెగులు ఆగలేదు. కింది వరుస చెట్లు బోడిగా నిలబడ్డాయి. మా బావ, అంటే మా ఆయన అన్న, ఊరందరిలో అన్నాడు: ఆడది మందు కలిపితే దేవత ఊరుకుంటుందా, ఆ చెట్లు నరికేసి నీలగిరి చెట్లు వేద్దాం అని. అవి నేను చంటిదాన్ని వీపున కట్టుకుని నాటిన మొక్కలు. వానలు తగ్గాక ఇంకొక్కసారి కొడతాను, అప్పటికీ ఆగకపోతే గొడ్డలి నేనే తెస్తానని మాటిచ్చేశాను.

మర్నాడు బకెట్టు పట్టుకుని టీచరు దగ్గరకు పోయాను. దేవత ఇచ్చిన రాగి ఇంట్లో ఉండగా చెట్లెందుకు చస్తున్నాయని అడిగాను. వేరే ఎవరైనా నవ్వేవారు. ఆవిడ ఆ ఎరుపును మేకుతో గీకి, కింద ఉన్న ఇనుమును చూపించారు. "ఇది నీ మందులో రాగేనే. మందంతా బకెట్టుకంటుకుంది. సెట్లకి నువ్వు కొట్టింది ఇనపనీళ్ళు." చెయ్యి పట్టుకుని తరగతిలోకి లాక్కెళ్ళి ముందు బెంచీ మీద కూచోబెట్టారు.

"సంతకెళ్ళే జీపుంది గదా. రాగి సీట్లో కూసుంది. ఇనుమొచ్చింది. దానికి దూకుడెక్కువ. ఏటి సేత్తది?"

"తోసేసి కూసుంటది," అన్నాను.

"మరి రాగో?"

"దిగిపోయి బకెట్టునట్టుకుని నిలబడ్డాది."

తరగతిలో ఆడపిల్లలు, ఆ గుంటలందరూ ఘొల్లుమన్నారు. టీచరు మాత్రం సుద్దముక్క నా చేతికిచ్చి, పాఠం నేనే చెప్పేశానన్నారు. ఇనుము కరిగిన పచ్చనీళ్ళలో రాగి తీగ వేసి చూపించారు. గంట కొట్టేదాకా చూశాను, ఏమీ కాలేదు. రాగికి ఇనుమును తోసే సత్తువ లేదు. ఏ లోహం దేన్ని తోస్తుందో ఆ వరుసంతా ఆ రోజే నేర్చుకున్నాను. అందరికన్నా ముందు పొటాషియం, చన్నీళ్ళు తగిలినా మండిపోయే రకం. చిట్టచివర బంగారం, అది జీపే ఎక్కదు, రోడ్డు పక్కనే మెరుస్తూ నిలబడుతుంది.

ఇకమీదట ప్లాస్టిక్ డ్రమ్ములో కలపమన్నారు. కలిపిన మందులో తోమిన ఇనప కత్తి ముంచి చూడమన్నారు. కత్తి ఎర్రబడితే సున్నం చాలనట్టు, రాగి ఇంకా వదులుగా తిరుగుతున్నట్టు. తెల్లగా వస్తే సున్నం రాగిని గట్టిగా పట్టుకున్నట్టు. చివరికి ఒక మాట చెప్పారు: "ఇంట్లో దాక్కుని కలపకు. ఊరోలందరి ముందూ కలుపు. తప్పైతే అందరి ముందే అవనీ."

వానలు తగ్గాక ఊరి మధ్య డ్రమ్ము పెట్టాను. అందరూ చూస్తుండగా కత్తి ముంచి తీస్తే ఎర్రగా వచ్చింది. ఎరుపు చూశారా, దేవతకి కోపమొచ్చిందంటూ బావ అందరివంకా తిరిగాడు. నేను సున్నం నీళ్ళు ఇంకో చెంబు పోశాను. కత్తి తోమి ముంచితే ఎరుపు తగ్గింది. మరో చెంబు పోశాను. మూడోసారి కత్తి తళతళమంటూ బయటికొచ్చింది.

"దేవత కోపం సున్నానికి దిగిపోద్దేటి బావా?" అన్నాను.

ముందు నవ్వింది మా అత్తే. మా ఆయన స్ప్రేయరు వీపుకెత్తుకున్నాడు. కొత్త చిగుళ్ళకు తెగులు అంటలేదు. ఎండాకాలం తొలి వానకి కొండవాలంతా తెల్లగా పూసింది. మరుసటేడు బావ తన కత్తి తనే తోముకుని మా గుమ్మంలోకొచ్చాడు. తన మందు కూడా ఓసారి చూసిపెట్టమన్నాడు.

రిటైరయ్యే ముందు టీచరు నన్ను పదో తరగతి బోర్డు దగ్గర నిలబెట్టి, తను వెనక బెంచీలో కూచున్నారు. నేను జీపు కథ చెప్పాను. ఒక గుంట లేచి అడిగింది: అల్యూమినియం ఇనుముకన్నా పైవరసలో ఉంది గదా, మరి దాంతో చేసిన మన అన్నం గిన్నె రాగిని బేగి తోసెయ్యదేమని. నాకు తెలియదు. తెలీదనే చెప్పాను, మైలుతుత్తం పోసి చూద్దామన్నాను. పోశాం. ఎంతసేపు చూసినా ఎరుపు రాలేదు. ఆ లోహం ఒంటి మీద కంటికి కనపడని పొర దుప్పటిలా ఉంటుందని, అది అడ్డుపడుతుందని అప్పుడు టీచరే చెప్పారు. చెప్పి, పిల్లలవైపు తిరిగారు. "నాకు తెలీదు, సూద్దాం అని పిల్లల ముందు అనడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది. ఈవిడ మొదటిరోజే అనేసింది."

ఆ మాటే నా దగ్గర మిగిలిన ఆస్తి. తెలియనిది తెలియదనడానికి ఇప్పటికీ తల దించను.

ఇక లేవండమ్మా, పొద్దుపోతోంది. మీ తోట పచ్చగా ఉండాలి, మీ పొయ్యి వెచ్చగా ఉండాలి, మీ ఇంటి ఆడపిల్ల ఏది అడిగినా జవాబు చెప్పే మనిషి ఆమెకు దొరకాలి. చల్లగా బతకండి.