మావయ్యగారికి వడిసెల పాఠం

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పుకునే కథ కాదిది. ఆ రోజుల్లో కోడలు మామగారి ఎదుట నోరు విప్పేది కాదు. అలాంటిది నేను ఆయనకే పాఠం చెప్పాను. అదెలా జరిగిందో ఇప్పటికీ నాకు సరిగ్గా అర్థం కాదు.

భీమవరం పక్కన మావాళ్ళు వరిచేలు తవ్వించి చేపల చెరువులు చేసిన కొత్త. చేపపిల్లలు వదలడం ఆలస్యం, నీటికాకులు దిగి మింగేసేవి. ఎవరో తుపాకీ పేలిస్తే అటవీశాఖవాళ్ళొచ్చి, ఇంకో పిట్ట చచ్చిందంటే కేసేనని చెప్పి వెళ్ళారు. చంపకుండా బెదరగొట్టడం ఎలాగని రైతులంతా తల పట్టుకుంటే, మావయ్యగారు "మా కోడలికొచ్చండి. డబ్బులేం వద్దు, ఊరికే నేర్పుద్ది" అనేశారట. నన్నడిగిందెవరు? (నేను మెట్టలో పుట్టినదాన్ని. జొన్నచేలో మంచెక్కి, వడిసెలలో మట్టి ఉండ పెట్టి తిప్పి విసిరి చిలకల్ని తోలేదాన్ని. నా చదువంతా ఆ మంచె మీదే.) నేర్పలేకపోతే గొప్పలు చెప్పుకుందంటారు, నేర్పితే మామకు ఎదురు మాట్లాడిందంటారు. ఏది నయమో తేలక మోటారు షెడ్డు తలుపు వెనక నిలబడ్డాను. మధ్యలో అత్తయ్యగారు. గట్టు మీద వడిసెల పట్టుకుని మొదటి శిష్యుడు, మావయ్యగారే.

"అత్తయ్యా, చెయ్యి ఇంకాస్త పైకెత్తమనండి."

"ఏవండీ, చెయ్యి పైకెత్తాలంట!"

అప్పటికే ఉండ మేతబస్తాల్లో పడింది.

"అవతల ఎవరున్నారో చూసుకుని వదలమనండి."

"చూసుకుని వదలాలంట!"

"ఎప్పుడో వదిలేశానే!"

"బాబోయ్, నా కేరేజీ!" అని గట్టవతల నుంచి ఒక రైతు కేక. పక్కాయన "పిట్టలు మాత్రం కదల్లేదండోయ్. అయ్యి కూడా నేర్చుకుంటన్నట్టున్నాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఉండలు అయిపోయాయి. మావయ్యగారు రాయి పెట్టి తిప్పడం మొదలెట్టారు. మోటారు చప్పుడుకు తన మాట వినపడటం లేదని, అత్తయ్యగారు తిన్నగా ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. ఆపమని చెప్పించాలంటే చెప్పాల్సిన మనిషే రాయికి అడ్డంగా ఉంది!

"మావయ్యా, ఆపు!"

గారూ లేదు, అండీ లేదు. గట్టు మీద రైతులంతా షెడ్డు తలుపు వైపు తిరిగారు. రాయి ఆయన కాళ్ళ దగ్గరే పడింది. నేను మనసులో పుట్టింటికి పెట్టె సర్దేసుకున్నాను.

మావయ్యగారు చెమట తుడుచుకున్నారు. "ఏమేవ్, నువ్వు తప్పుకో. నువ్వు మధ్యలో ఉంటే పిట్టల కంటే ముందు నువ్వే పోతావు. అమ్మాయ్, ఇలా గట్టు మీదకొచ్చి నువ్వే చెప్పు."

తలుపు చాటు వదిలి గట్టు మీదకెళ్ళాను. "ముందు అవతల చూడండి" అన్నాను. ఆ కంగారులో ఆయన, "అలాగేనండి" అన్నారు.

ఎవరు ఎవరికి పెద్దో తెలియక కొంగు నలుపుకుంటూ నిలబడ్డ ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నాకే ముద్దొస్తుంది. మీ ఇంట్లోవాళ్ళంతా ఒకరితో ఒకరు తిన్నగా మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, చల్లగా ఉండాలి తల్లీ.