వల్లో పడిన వెండిగుడ్డ

మా ఆయన ఏది తెచ్చినా ముందు "ఎక్కడిది?" అని అడగడం నాకు అలవాటు. ఆ రోజు వేటనుంచి వచ్చి, చేపల బుట్ట అడుగునుంచి తళతళలాడే గుడ్డ ఒకటి తీసి నా ఒళ్లో పడేశాడు. పట్టులా పలచగా ఉంది, వెండి పూసినట్టు మెరుస్తోంది. అంచులకి సన్నటి తాళ్లు వేలాడుతున్నాయి.

"ఏటిది? ఎక్కడిది?"

"వల్లో పడ్డాది. నాకేటి తెలుసు?"

నేను నమ్మలేదు. ఎవరి పడవలోంచో ఎత్తుకొచ్చాడేమోనని కొన్నాళ్లు వాడంతా చెవులు రిక్కించి తిరిగాను. ఏదో పోయిందని ఎవరూ అనలేదు.

మా వాడలో ఒక పద్ధతి ఉంది. సముద్రంలో చేప కానిది ఏది దొరికినా గంగమ్మ ముందు పెట్టి, పసుపునీళ్లు చల్లాకే ఇంటికి తేవాలి. ఆ పని తెచ్చినవాడిదే. ఆయన చేసే ఉంటాడనుకున్నాను. అప్పటికే ఎండుచేపల దగ్గర కాకులతో వేగలేక చస్తున్నాను. ఆ చేపలే కదా నేను బొబ్బిలి సంతలో అమ్ముకునేది. గుడ్డని పీలికలుగా కత్తిరించి కర్రలకి కట్టాను. ఎండకి అవి మెరుస్తుంటే ఒక్క కాకి వాలితే ఒట్టు.

ఆ వారంలోనే వలలు ఖాళీగా రావడం మొదలైంది. అందరి కళ్లూ నా పీలికల మీద పడ్డాయి. చిల్లంగి అన్నారు. ఎవరో మంత్రించి సముద్రంలో వదిలిన గుడ్డట, దాన్ని నేను వాడ మీదికి తెచ్చానట. నేను కనబడితే ఆడవాళ్లు బుట్టలు పక్కకి జరుపుకునేవారు. చివరికి వాడ పెద్ద, నేను మావా అని పిలిచే మనిషి, నలుగురిలో తేల్చేశాడు.

"సముద్రం సొమ్ము గంగమ్మకి సూపించకుండా కత్తెరెట్టీసినావు. పడవలొచ్చీ ఏలకి నువ్వు ఒడ్డుకి రాకు, కోడలా."

పడవలొచ్చే వేళకి ఒడ్డున లేకపోతే నాకు చేప దొరకదు. చేప లేకపోతే నాకు బతుకే లేదు. మా ఆయన అక్కడే కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. చూసి చూసి నేనే అన్నాను, "తెచ్చింది ఈయన, మావా."

"తప్పు నువ్వు సేసి మొగుడి మీదికి తోసేస్తన్నావేటి?"

మా ఆయన వలకి ఇంకో ముడి బిగించాడు. ఇంటికొచ్చాక "గంగమ్మకి సూపించనేదని నే సెప్తే నన్ను పడవెక్కనివ్వరు గదే" అన్నాడు. మరి నన్ను ఒడ్డుకి రానివ్వకపోతే?

కొన్నాళ్లకి పడవలు చూడటానికి ఫిషరీస్ ఆఫీసు ఉద్యోగి ఒకాయన వచ్చాడు. పీలికలు చూసి, ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లాడు. మళ్లీ వచ్చినప్పుడు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. దక్షిణాన సముద్రం ఒడ్డునుంచి చిన్న రాకెట్లు వదులుతారట. మబ్బులకంటే చాలా పైన గాలి ఎటు వీస్తోందో, చలి ఎంతుందో చూడటానికి. అక్కడికి వెళ్లాక రాకెట్టు ఒక పరికరాన్ని గుడ్డ గొడుగు కట్టి వదిలేస్తుందట. రాడార్‌కి కనబడాలని గుడ్డకి ఆ మెరుపు. నీళ్లలో పడి మావైపు కొట్టుకొచ్చి ఉంటుందన్నాడు.

నాకు అదీ సగమే నమ్మకం. గాలి సంగతికి అంత పైకెళ్లాలా? మా మావ ఇసకలో నిలబడి ముక్కు ఎగబీల్చి చెప్తాడు.

ఆ మావే మర్నాడు సగం వాడని వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. అప్పటికి వలల్లో మళ్లీ చేప పడుతోంది.

"గాలీ వానా జాడ సెప్పే గుడ్డటే! నా పడవకో ముక్క ఇయ్యి, కోడలా. రేపట్నించి ఒడ్డుకి రా."

నేను ఒక పీలిక విప్పుతున్నాను. వెనకనుంచి మా ఆయన ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు.

"నా వల్లోనే పడ్డాది, మావా. తెచ్చింది నేనే."

అందరూ ఆయన భుజం తట్టారు. నేను పీలిక మావ చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాను.

ఇప్పుడు ఆయన ఏం తెచ్చినా గుమ్మంలోనే ఆపేస్తాను. ఎక్కడిదని అడగడం మానేశాను. "నువ్వే తెచ్చినావని నలుగురిలో సెప్తావా?" అని అడుగుతాను.