మా ఆయన బృందగానం

మా ఆయన శ్రీరామచంద్రమూర్తిగారి గొంతు తెలియని ఇల్లు ఒకప్పుడు కోనసీమలో లేదు. పొద్దున్నే రేడియోలో "శ్రోతలకు నమస్కారం" అన్నారంటే చాలు, పాలు పితికేవాళ్ళు పితుకుతూ, పళ్ళు తోముకునేవాళ్ళు తోముకుంటూ ఒక చెవి అటు పడేసేవారు. లోకానికంతా అంత మర్యాదగా నమస్కారం పెట్టే మనిషి, శనివారం సాయంత్రం పి.గన్నవరంలో బస్సు దిగి ఇంటికొచ్చాక నాతో అనే మొదటి మాట "చారులో ఉప్పెక్కువైంది." అదీ చారు నోట్లో పోసుకోకముందే! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచారు, ఇంటి సంగతి నన్నడగండి.

నా పేరు సూర్యకాంతం. ఆయన కథ నేను చెప్తే వెటకారంగా ఉంటుందని మా పిల్లలంటారు. ఉండనీండి. ఆయన్ని పొగిడేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, నేనొక్కదాన్ని పొగడకపోతే కొంపలేం మునగవు.

మా మావగారికి కాలవ పక్కన వరిచేలు, కొబ్బరితోట. కొడుకు కొబ్బరికాయల దింపులు చూసుకుంటాడనుకుంటే, ఆ కొడుకు పంచాయతీ ఆఫీసులో రేడియో పెట్టె కింద కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా వార్తలు అదే గొంతుతో తిరిగి చదివి వినిపించేవాడట. చివరికి ఆ పెట్టెలోకే ఉద్యోగానికి వెళ్ళాడు. పెళ్ళిచూపుల్లో నన్ను పాడమంటే భయంభయంగా ఒక పల్లవి పాడాను. "శ్రుతి కొంచెం జారింది, ఫర్వాలేదు" అన్నారు. ఆ "ఫర్వాలేదు" మీదే ఇన్నేళ్ళ కాపురం నడిచింది.

రేడియోవాళ్ళకి పల్లెపాటలు కావలసివచ్చి, పట్టుకు రమ్మని ఆయన్ని పంపారు. ఆయన తిరిగి తిరిగి ఓడలరేవు చేరారు. ఒడ్డున అలివి వల లాగుతున్నారు. అలివి వలంటే, సముద్రంలో వదిలిన పెద్ద వలని రెండు పక్కలా మనుషులు నిలబడి ఒడ్డుకి లాగుతారు. అందరూ ఒక్కసారి లాగకపోతే వల పక్కకి పోతుంది, చేప పోతుంది. అందుకని పాట. ఒక్క ఊపు, ఒక్క గొంతు. ఈయన చెప్పులు చేత్తో పట్టుకుని ఆ తడి ఇసకలో అలాగే నిలబడిపోయారట. ఆ రోజు ఇంటికొచ్చి చారు మాటే ఎత్తలేదు. "కాంతం, పదహారు మంది పాడితే ఒక్క మనిషి పాడినట్టుందే!" అన్నారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది, ఈయన ఇక ఆదివారాలు మనకి దక్కరని.

అలాగే అయింది. ఆ పదహారు మందితోటీ బృందం కట్టారు. సెలవొస్తే చాలు, టేపురికార్డరు సంచిలో పెట్టుకుని ఓడలరేవు పరుగు. అక్కడ ఆయన్ని అందరూ మేష్టారూ అనేవారు. చేతిలో కొబ్బరి ఈనె పుల్ల ఒకటి, అది పైకి లేస్తే పాట లేవాలి, దిగితే దిగాలి. ఆయనకి ఒక్కటే పట్టుదల. బృందంలో ఏ ఒక్కడి గొంతూ విడిగా వినపడకూడదు. వినపడిందో, అక్కడికక్కడ ఆపించేసేవారు. వాళ్ళు వలలు లాగి ఒళ్ళు హూనమై వచ్చి పాడేవారు పాపం. ఒక్కరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఈ జబ్బు అక్కడితో ఆగితే బాగుండేది. మా బావగారి కూతురి పెళ్ళిలో ముత్తయిదువలందరూ మంగళహారతి పాడుతుంటే, పీటల పక్కనుంచి ఈయన చెయ్యెత్తి ఆపారు. హారతి ఆపారండీ! "రెండో వరసలో ఎవరో ముందుకెళ్ళిపోతున్నారు" అన్నారు. కర్పూరం కొండెక్కిపోతోంది, పెళ్ళికూతురు బిక్కమొహం వేసింది. ఆ ముందుకెళ్ళిపోయినావిడ మా అమ్మ. ఆవిడ ఆ తరవాత చాన్నాళ్ళు అల్లుడికి కాఫీ ఇచ్చింది గానీ, మాట ఇవ్వలేదు.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. బృందం పాట రేడియోలో వచ్చే రోజున మా వీధి వీధంతా నిశ్శబ్దంగా ఉండేది. నేను పొయ్యి మీద కూర మాడుతున్నా లేచేదాన్ని కాదు. ఆ పాట వింటుంటే గుండెలో ఏదో పట్టి లాగినట్టుండేది. ఇప్పుడు తలుచుకున్నా ఆ రోజులు కావాలనిపిస్తుంది నాకు. ఆ కూర మాడిన వాసనతో సహా కావాలి.

తొంభైఆరు తుఫానుతో బృందం చెదిరిపోయింది. వేటకి వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. మిగిలినవాళ్ళకి పాట మీద మనసు పోయింది. ఈయన కూడా ఇంకెక్కడా బృందం కట్టలేదు. ఉద్యోగం దిగిపోయాక ఇంట్లో రెండు సొత్తులు మిగిలాయి. ఒకటి ట్రంకు పెట్టె, అందులో కుదిరిన పాటల క్యాసెట్లు, కలరా ఉండలు వేసి, మెత్తటి పంచె చుట్టి. రెండోది గోనెసంచి, అందులో కుదరనివి. రిహార్సల్లో తప్పు ఎవరిదో పట్టుకోడానికి ఇంటికి తెచ్చుకుని విన్నవన్నమాట. ప్రతిదాని మీదా చీటీ అంటించి "ఓడలరేవు, పనికిరాదు" అని గుండ్రటి అక్షరాలతో రాశారు. పనికిరానిదానికి అంత అందమైన దస్తూరీ ఎందుకో!

మొన్న కార్తీకం వెళ్ళాక మా చెల్లెలి కూతురు రేవతి హైదరాబాదు నుంచి వచ్చింది. పాత పాటల్ని క్యాసెట్ల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించి దాచే సంస్థలో దాని ఉద్యోగం. ట్రంకు పెట్టె చూసి ఎగిరి గంతేసింది. పాడినవాళ్ళ పేర్లు కావాలని ఓడలరేవుకి ఫోన్ల మీద ఫోన్లు చేసింది. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో ఒక అమ్మాయి.

"నా పేరు వీరదుర్గండి. పోలిరాజుగారమ్మాయినండి" అంది, చెప్పులు బయటే వదిలి.

పోలిరాజు బృందంలో ఉండేవాడు. తుఫానులో పోయాడు. అప్పటికి ఈ పిల్లకి మూడేళ్ళు. ఇప్పుడు రొయ్యల షెడ్డులో పనిచేస్తోంది, ఆ రోజుకి మానేసి వచ్చింది.

"మా నాన్నగారి ఫొటో ఉందండి. గొంతు లేదండి. రేడియోలో పాడేవోరని మాయమ్మ చెప్పేదండి. ఒక్కసారి వినిపిత్తారాండి?"

ఈయన మొహం వెలిగిపోయింది. ట్రంకు పెట్టెలోంచి అన్నిటికంటే మంచి క్యాసెట్టు తీయించి టేపురికార్డరులో పెట్టించారు. పాట ఎత్తుకోగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఎన్నాళ్ళయింది విని! వీరదుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, టేపురికార్డరు వంకే చూస్తూ, పాట చివరిదాకా కదల్లేదు. అయిపోయాక మెల్లిగా అడిగింది.

"ఇందులో మా నాన్నగారు ఎవరండీ?"

"అదేనమ్మా గొప్ప! చెప్పలేం. ఎవరికి వాళ్ళు విడిగా వినపడరు. నేనే చెప్పలేను" అన్నారీయన, గర్వంగా.

ఆ పిల్ల తలూపింది. "ఆయ్" అంది. కొంగు సర్దుకుని లేవబోయింది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఏవండీ, మీకు బుద్ధుందా? మీ పదహారు మందినీ కలిపి ముద్ద చేశారు సరే. ఆ పిల్ల తండ్రిని వెతుక్కుంటూ వస్తే 'కనపడడు, అదే గొప్ప' అంటారా?"

 "పోలిరాజు గొంతు ఆగేది కాదు కాంతం. ఎప్పుడూ పైకి లేచిపోయేది. వాడి వల్లే ఎన్ని టేపులు పోయాయో. ఆ పోయినవాటిలో వాడు ఉంటాడు" అన్నారు.

"అయితే ఆ గోనెసంచి తీయండి మరి."

"దొరబాబుకి ఇచ్చేశాను."

దొరబాబు మా చేను కౌలుకి చేస్తాడు. దాళ్వాకి, అదే రెండో పంటకి, నారుమడి పోశాడు. చల్లిన విత్తనం పిట్టలు తినకుండా మడి మీద టేపు రిబ్బను కడతారు మా వైపు. గాలికి అది బుయ్యిమని మోగుతుంది, పిట్ట వాలదు. రిబ్బను దొరకడం లేదని వాడు అడిగితే, నా చాటున సంచి మొత్తం ఎత్తి ఇచ్చేశారట. "నా పేరు మీద తప్పులెవరైనా వింటే పరువు తక్కువ కదే" అంటారు. అయ్యో రాత! పరువు కోసం పాటల్ని పిట్టల పాలు చేశారు.

అందరం ఆటో ఎక్కి చేలోకి పోయాం. దూరం నుంచే మోత వినపడింది. మడి నిండా గెడకర్రలు, కర్రకీ కర్రకీ మధ్య నల్లటి రిబ్బన్లు ఎండకి తళతళమంటున్నాయి. దొరబాబు తెలివైనవాడు. క్యాసెట్టులో సగం రిబ్బను లాగి కట్టి, మిగతా సగం లోపలే ఉంచి, ఆ క్యాసెట్టుని చివరి కర్రకి బిగించాడు. తెగితే లోపల్నుంచి ఇంకాస్త లాక్కోవచ్చునట. వరస చివరి కర్రలన్నిటి మీదా మా ఆయన దస్తూరీ, "ఓడలరేవు, పనికిరాదు." ఇంకో సమయమైతే పడీపడీ నవ్వేదాన్ని.

"ఆయ్, మీరిచ్చినయ్యేనండి. బెమ్మాండంగా మోగుతున్నాయండి" అన్నాడు దొరబాబు.

సంగతి చెప్పాం. వాడు తల గోక్కున్నాడు. "మరి పిట్టలో అండీ?"

"నా పాత చీరలు చింపి కట్టుకో."

"చీర మోగదు కదమ్మగారూ!" అన్నాడు గానీ, వాడే ముందు మడిలోకి దిగాడు.

వీరదుర్గ చీర పైకి దోపుకుని బురదలోకి దిగింది. వల చిక్కులు విప్పిన చేతులు కదా, ఒక్క రిబ్బను కూడా తెంపకుండా చుట్టలు చుట్టింది. రేవతి గట్టు మీద నుంచి గుడ్డతో తుడవద్దు, నీడనే ఆరబెట్టండి అని అరుస్తోంది. మా ఆయన ఒక్కో క్యాసెట్టు విప్పించుకుని, కండువాలో వేసుకుని గుండెకి ఆనించుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మా వరండాలో కూర్చున్నాం. వీరదుర్గ మళ్ళీ పని మానుకుని వచ్చింది. ఎండకి ఎండి మంచుకి నానిన రిబ్బనులో గరగర తప్ప ఏం మిగల్లేదు. ఒకటి, రెండు, మూడు, అన్నీ అంతే. ఆ పిల్ల మొహం చూడలేక నేను మజ్జిగ వంకతో లోపలికి వెళ్ళాను. గ్లాసులో ఉప్పు వేస్తుండగా వినపడింది. గరగర ఆగి, క్యాసెట్టు లోపలే ఉండిపోయిన సగంలోంచి పాట. పాటని దాటుకుని ముందుకొచ్చేస్తున్న ఒక బొంగురు గొంతు.

వరండాలోకి వచ్చేసరికి టేపులో చప్పట్లు కొట్టి పాట ఆపిన శబ్దం. పడుచువయసు గొంతుతో మా ఆయన.

"ఆపండాపండి. పోలిరాజూ, మళ్ళీ నీ గొంతే వినపడుతోందయ్యా."

"ఆయ్. వినపడాలనేనండి." ఎవరో కిసుక్కున నవ్వారు. "మా పాప రేడియో దగ్గర కూకుంటాదండి. ఇందులో నాన్న ఏడీ అంటాదండి. గుర్తుపట్టాలి కదండీ, మేష్టారూ?"

"నీ పాప కోసం పాట పాడుచేస్తావా? ఇంటికెళ్ళి పాడుకో. ఇక్కడ కాదు. వెనక వరసలోకి పో."

"ఆయ్. అలాగేనండి."

ఇసకలో అడుగుల చప్పుడు. మళ్ళీ పాట. ఈసారి అందరూ ఒక్కటిగా పాడారు, ఏ గొంతూ విడిగా లేదు. అక్కడితో రిబ్బను అయిపోయింది.

మా ఆయన తల వంచుకుని కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఆయన్ని తిట్టడానికి అంత మంచి సందు నాకెప్పుడూ దొరకలేదు. ఆ సందు వదిలేసి, మజ్జిగ గ్లాసు ఆయన ముందు పెట్టాను.

"అమ్మా, నేనే వెనక్కి పంపించేశాను" అన్నారు.

వీరదుర్గ కళ్ళు తుడుచుకోలేదు, అలా కారనిచ్చింది. "మళ్ళీ పెట్టండక్కా" అంది రేవతితో. మళ్ళీ పెట్టింది. మళ్ళీ మళ్ళీ పెట్టింది. "నాన్న ఏడీ" అన్న చోటల్లా ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి. మజ్జిగ గ్లాసులు అలాగే ఉన్నాయి.

చాలాసేపటికి అడిగింది, "నిన్న పెట్టిన మంచి పాట ఒక్కసారి పెడతారాండి?"

రేవతి ట్రంకు పెట్టెలోని క్యాసెట్టు పెట్టింది. పదహారు మంది ఎత్తుకున్నారు. వీరదుర్గ కళ్ళు మూసుకుని కాస్త వింది, ఉన్నట్టుండి చెయ్యి ముందుకి చాపింది.

"ఇదిగోనండి. వెనకాల. ఇక్కడున్నారండి."

ముత్తయిదువల గుంపులో మా అమ్మని పట్టుకున్న చెవి మా ఆయనది. వంగి టేపురికార్డరు దగ్గర చెవి పెట్టారు. ఊపిరి బిగబట్టి విన్నారు. తల అడ్డంగా ఊపారు.

"నాకు వినపడటం లేదమ్మా."

"నాకు వినపడతన్నారండి" అంది వీరదుర్గ.

పాట ఇంకా సగం ఉంది. ఆయన కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చున్నారు.