అత్తకు చుట్టలు ఏరిన వానాకాలం

మొదటిసారి చుట్టలు కొనడానికి పోయినప్పుడు నేను వాటిని వంకాయలు ఏరినట్టు ఏరాను. లావుగా, నున్నగా, నిగనిగలాడుతున్నవి పది చూసి పక్కన పెట్టాను. మానుకోట అంగట్లో పొగాకు అమ్మే సేటు నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎవలకు బిడ్డా?" అని అడిగాడు.

"మా అత్తకు" అన్నాను.

"అయితే మళ్ల వస్తవ్ తియ్యి" అన్నాడు.

ఇంటికి తెచ్చాక మా అత్త ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండు వేళ్ల నడుమ నొక్కి చూసింది. వాకిట్లోకి విసిరేసింది. "గివి చుట్టలానే, పొయిల కట్టెలా?" అన్నది. మిగిలిన తొమ్మిదింటినీ ముట్టుకోలేదు కూడా.

నేను జనగామ పిల్లను. మా నాయిన రైలు పట్టాల మీద పనిచేసేవాడు. మా పుట్టింట్లో చుట్ట మాట అటుంచి, వక్కపలుకు అలవాటు కూడా ఎవరికీ లేదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం గొడవలు మొదలైనప్పుడు నేను మెట్రిక్ చదువుతున్నాను. బడులు మూతపడ్డాయి. మేమూ వరుసలు కట్టి స్టేషన్ దాకా నడిచాం, గొంతులు బొంగురుపోయేదాకా అరిచాం. ఆ ఏటి చదువు ఆ ఏడే పోయింది. మళ్లీ బడి గాడిన పడేలోపు మావాళ్లు నాకు పెళ్లిచేసి మానుకోట పంపించారు. ఎవరైనా "ఎంతదాక చదివినవ్?" అని అడిగితే నాకు ముందు ఏడుపొచ్చేది, ఆ వెనకే కోపమొచ్చేది. ఆ పరీక్ష ఎప్పటికైనా రాసి తీరాలని మనసులో ఉండేది.

పెళ్లయిన రెండేళ్లకు, బడికి పోకుండానే పరీక్ష రాయవచ్చని తెలిసింది. మా ఆయన మంచివాడే, కాని తల్లి మాట జవదాటడు. ఎండాకాలమంతా భూపాలపల్లి అడవిలో, తునికాకు ఆరబెట్టే కల్లాల దగ్గర ఆయనకు పని. వానలు పడితే ఇంటికొచ్చేవాడు. దరఖాస్తు కాగితమైతే తెచ్చిచ్చాడు గాని, "అమ్మనడుగు" అని చేతులు దులుపుకున్నాడు. అడిగాను. దసరాకు ముందు పరీక్షలు, జనగామలో రాయాలి, ఏడు రోజులు మా అమ్మ దగ్గరుంటానని చెప్పాను.

"చుట్టలు చూసి తేవస్తలేదు, పరీక్ష రాస్తదట!" అన్నది అత్త.

నాకు ఒళ్లు మండింది. పొగాకు ముక్కకూ పరీక్షకూ ఏం సంబంధమని అడగబోయి ఆగిపోయాను. అంతకుముందు చుట్టలు ఆమే తెచ్చుకునేది, ఇంకొకరిని నమ్మేది కాదు. ఆ ఏడే నన్ను పంపడం మొదలుపెట్టింది. నన్ను తక్కువ చేయడానికే ఇదంతా అనుకున్నాను. ఆమె మొండిదైతే నేను అంతకంటే మొండిదాన్ని. ఆమె వంక పెట్టలేని చుట్ట ఒక్కటైనా తెచ్చి, తర్వాతే మళ్లీ పరీక్ష మాటెత్తాలనుకున్నాను.

రెండోసారి పోయేసరికి సేటుకు జాలి కలిగినట్టుంది. "చుట్టను కండ్లతోని కొంటరా బిడ్డా? జర చెవి దగ్గర పెట్టి ఒత్తు" అన్నాడు. ఒత్తాను. చిటపటమన్నది. "అది ఎండిపోయింది. ఇగ గిది ఒత్తు." ఒత్తితే చప్పుడు లేదు, వేలు దిగబడింది. "ఇది వానకు చెమ్మ గుంజింది. ముట్టిస్తే ఆరిపోతనే ఉంటది. రెండిటి నడిమిది చూసుకో" అన్నాడు. చుట్ట పొడుగునా వేలితో తడమమన్నాడు. లోపల గట్టిగా ఈనె తగిలితే దమ్ము రాదట. అరగంట నిలబడి తడిమాను. అంగడికి వచ్చిన ఆడవాళ్లు నన్ను వింతగా చూశారు, చూడనీ అనుకున్నాను. ఒకే కట్టలోని చుట్టలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయని నాకు అంతవరకు తెలియదు. కోపంతో మొదలుపెట్టిన పని కాస్తా సరదా అనిపించసాగింది.

ఈసారి అత్త విసిరేయలేదు. ఒకటి అంటించుకుంది. నేను గడపలోనే నిలబడ్డాను. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. సాయంత్రం మాత్రం "గడ్డి" అని ఒక్క మాటన్నది. సేటే సరైనవి ఇవ్వడం లేదని నెపం చెప్పబోయాను. "ఆడరాక మద్దెల ఓడన్నదట" అని మొహం తిప్పుకుంది.

మా ఆయన కూడా అడవి నుంచి వచ్చేటప్పుడు తెచ్చినవి కొన్ని బయటికి తీశాడు, తునికాకులో పొగాకు పొడి పెట్టి చుట్టినవి. "కల్లాల కాడ గివే తాగుతరు" అని గొప్పగా చెప్పాడు. అత్త రెండు దమ్ములు లాగి, "పిల్లలాట" అని పక్కన పెట్టేసింది. కొడుకు తెచ్చినవి కూడా పనికిరాలేదని నాకు లోపల చాలా సంతోషమైంది.

ఇక లాభం లేదు, నేనే తాగి చూడాలనుకున్నాను. అత్త పక్కింటి అరుగు మీదికి పోయినప్పుడు వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని అంటించాను. ఒక్క దమ్ముకే కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. పొగ మింగకూడదు, నోట్లోనే తిప్పి వదలాలని నాకెవరు చెప్పారు? నాలుగో రోజుకు గాని తెలిసిరాలేదు. తెలిశాక కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రోజుకు రెండు మూడు రకాలు చూశాను. ఒకటి మిరియం కొరికినట్టు ఉండేది. ఒకటి తడిసిన గోనెసంచి వాసన. ఒకదానిలో పాత చింతపండు పులుపు. పొగాకులో ఇన్ని రుచులుంటాయా అని ఆశ్చర్యపోయాను. అన్నింటిలోకి పలుచని ఆకుతో సన్నగా చుట్టింది నాకు నచ్చింది. గొంతు పట్టకుండా తియ్యగా ఉంది. ఇంకేముంది గెలిచానని అవే ఐదు పట్టుకొచ్చాను.

పొద్దున అంటించినప్పుడు అత్త "ఊఁ" అన్నది. ఆ ఒక్క ఊఁకే నేను సగం పరీక్ష రాసేసినట్టు పొంగిపోయాను. మధ్యాహ్నం దాన్ని గోడకు రుద్ది ఆర్పుతుంటే పైఆకు చిట్లింది. సాయంత్రం మళ్లీ అంటించి ఉమ్మేసింది. "పొద్దుగాల చక్కెర, మాపటికి యాపాకు" అన్నది.

అప్పుడెక్కింది నా బుర్రకు. అత్త చుట్టను ఒక్క పట్టున తాగదు. పొద్దున చాయ తాగినాక నాలుగు దమ్ములు లాగి, గోడకు రుద్ది గూట్లో పెడుతుంది. బర్రెకు గడ్డి వేసి వచ్చి మళ్లీ నాలుగు. అన్నం తిన్నాక మళ్లీ. పని తగిలితే ఆర్పి చెవి సందున పెట్టుకుంటుంది. ఒక్క చుట్ట పొద్దుగూకేదాకా, ఐదారుసార్లు అంటించుకుంటే గాని అయిపోదు. మా వాడలో చుట్ట తాగే ఆడవాళ్లంతా అట్లాగే తాగేవారు. పనిచేసే మనిషికి కూర్చుని తాగే తీరికెక్కడిది? రెండేళ్లుగా ఆ గూట్లో బూడిద తుడుస్తున్నది నేనే, అయినా ఎన్నడూ ఆలోచించలేదు. నేనేమో కొత్త చుట్ట అంటించి, నాలుగు దమ్ములకే రుచి తేల్చేసి, మిగిలింది పొయ్యిలో వేస్తున్నాను.

మర్నాడు నాలుగు రకాలు తెచ్చి వంటింటి గూట్లో వరసగా పెట్టాను. ఆ తెల్లవారి, అత్త లాగే పొద్దుటి నుంచి పనికీ పనికీ నడుమ అంటించడం, నాలుగు దమ్ములు లాగడం, గోడకు రుద్ది ఆర్పడం. నాకు నచ్చిన తియ్యటిది మూడోసారికే చేదెక్కింది. ఒకటి గోడకు రుద్దగానే పగిలింది. ఇంకోటి రెండోసారి ఎంత లాగినా అంటుకోలేదు. నాలుగోది నల్లగా, వంకరగా, మందపాటి ఆకుతో ఉంది. అంగట్లో ఎవరూ చెయ్యిపెట్టని రకం, సేటు అడుగునుంచి తీసిచ్చాడు. పొద్దున దాని ఘాటుకు కన్నీళ్లు వచ్చాయి. మూడోసారికి నెమ్మదించింది. గోడకు ఎన్నిసార్లు రుద్దినా ఆకు చెదరలేదు. ఐదోసారి అంటించేసరికి వేయించిన శనగల వాసన వచ్చింది. ఎందుకట్లా అవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. కళ్లు మూసుకుని ఇంకో దమ్ము లాగాను.

"ఏం చేస్తున్నవే?"

అత్త గడపలో నిలబడి ఉంది. దాచబోయాను. ఇల్లంతా పొగే, ఎక్కడని దాస్తాను?

"చుట్ట తాగుతున్న అత్తమ్మా."

తిడుతుందనుకున్నాను. "ఎన్నోసారి ముట్టిచ్చినవ్?" అని అడిగింది.

"ఐదోసారి."

చెయ్యి చాపింది. ఆ చెయ్యి నా చేతికి జానెడు పక్కకు పోయి గాలిలో వెతుకుతోంది. నేనే చుట్టను ఆమె వేళ్ల నడుమ పెట్టాను. నిదానంగా లాగి, నిదానంగా వదిలింది.

"గిది బాగుంది" అన్నది.

ఎదురుచూసిన ఆ మాట వినబడినా నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఆ చెయ్యి వైపే చూస్తున్నాను.

"నాకు కండ్లు ఆనుతలేవు బిడ్డా. అంగడి తొవ్వ కూడ కనబడ్తలేదు" అన్నది గొంతు తగ్గించి. "వానికి చెప్పకు. దవాఖానకు తోల్కపోతడు, కత్తి పెడ్తరు. నువ్వు గా పరీక్ష రాసి మీ అవ్వ కాడనే ఉండిపోతే, నాకెవలున్నరే?"

అన్నాళ్లూ ఆమె మీద కూడబెట్టుకున్న కోపమంతా ఏమైందో తెలియలేదు. సిగ్గేసింది. "నేనెక్కడికి పోతా అత్తమ్మా, వస్తా" అన్నాను.

"పోయేటోళ్లందరు గట్లనే అంటరు." ఇంకో దమ్ము లాగింది. "పరీక్ష ఎన్ని రోజులంటివి?"

"ఏడు."

"ఏడు చుట్టలు ఏరి గూట్ల పెట్టి పో" అన్నది. "ఎనిమిదోది పెట్టకు."

ఏడే పెట్టాను, అన్నీ ఆ నల్లటి వంకర రకమే. పరీక్ష రాశాను, ఆ తర్వాత పాసయ్యాను కూడా. చివరి రోజు ఇంటికి రాగానే, పండుగ దాకా ఉండిపొమ్మని మా అమ్మ పట్టుబట్టింది. నాకూ ఉండాలనే ఉంది. అయినా తెల్లవారి ప్యాసింజరెక్కాను. కాజీపేటలో బండి మారి మానుకోటలో దిగాను. సంచి చంకనే ఉంది, ఇంటికి పోకుండా ముందు అంగడికి పోయాను.

"ఎన్ని కావాలె బిడ్డా?" అన్నాడు సేటు.

"ఒక్కటి" అన్నాను.