గంజి పోయిన పంచె

మొన్న ఏకాదశినాడు వన్ టౌన్‌లో ఉపన్యాసానికి అరుగు ఎక్కబోతుంటే కబురొచ్చింది, మా ఎదురింటి ఫిజిక్సు మేష్టారు పోయారని. చేతిలోని ఉపనిషత్తు మూసేసి, మళ్లీ తెరిచాను. ఉపన్యాసం చెప్పకుండా దిగిపోతే ఆయనే నవ్వేవారు.

అయ్యలారా, దేవుడి పేరెత్తని ఆ మనిషి దగ్గర నేను నేర్చిన వేదాంతం ఇంతా అంతా కాదు. నేను మంగళగిరి నేతవాణ్ణి. అక్షరాలు కూడా మగ్గం దగ్గరే కూడబలుక్కున్నాను. యుద్ధం రోజుల్లో ఆయన ఒక లెక్క పట్టుకున్నారు. అణువు నడిబొడ్డున ఉన్న కణాల చుట్టూ ఒక క్షేత్రం అల్లుకుని ఉంటుందట. దాని శక్తి ఎంత తగ్గినా, అట్టడుగున ఎంత? సూటిగా తేల్చే దారి లేదు.

"మరేం చేస్తారండీ?" అన్నాను.

"ఊహిస్తాం. ఊహని సవరిస్తాం."

"ఊహేనా? మా ఋషులు చూసి చెప్పారండీ."

"నాకంత కళ్లు లేవుగా" అని, నేను కానుకగా తెచ్చిన కొత్త పంచెని నీళ్లున్న ఇత్తడి గుండిగలో పడేశారు. గంజికి బిగుసుకుని అది పైపైనే నిలబడింది. తన పాత పంచె వేస్తే మెత్తగా దిగింది. "అడుగే నిజం. ఊహ ఎంత మెత్తనైతే అంత చేరువకి దిగుతుంది. అడుగు దాటి మాత్రం పోలేదు." ఆగి అన్నారు: "మీ ఉపన్యాసాల్లో గంజి ఎక్కువండీ."

లోపల్నుంచి ఆయన ఇల్లాలి నవ్వు వినిపించింది.

ఆ లెక్క తెచ్చి చూపిస్తే పరిశోధన ఉద్యోగం ఇస్తామని యూనివర్సిటీ నుంచి పిలుపొచ్చింది. జీవితంలో ఆయన కోరింది అదొక్కటే. ప్రయాణం ముందురోజుకి జవాబు ఎవరూ అనుకోనంత కిందికి దిగింది. ఇంట్లో బొబ్బట్లు. ఒకటి తింటూనే, జవాబు ముందే తెలిసిన చిన్న లెక్క మీద తన పద్ధతిని పరీక్షించారు. పలక మీద చెయ్యి ఆగింది.

"తగ్గలేదా?" అన్నాను.

"తగ్గిందండీ. అసలు జవాబుకంటే కిందికి పోయింది."

"మరీ మంచిది కదా."

"పంచె అడుగు దాటిందంటే ఏమిటండీ?"

"గుండిగకి చిల్లు" అన్నాను.

చేతిలో బొబ్బట్టు జారిపోయేలా నవ్వారు. చిన్నదేలే అని లెక్కలో ఒక పదాన్ని వదిలేశారట. చిల్లు అక్కడ.

"పెట్టె సర్దేశాను. ఆ ముక్క అక్కడికెళ్లి చూసుకోరాదూ?" అంది ఆవిడ.

"చిల్లు గుండిగ మోసుకుని అంత దూరం ఎందుకే?"

రైలెక్కలేదు. ఉద్యోగం మరొకరికి పోయింది. ఎండాకాలమంతా ఆ పదాన్ని కలిపి లెక్క మళ్లీ చేశారు. జవాబు పైకొచ్చింది, కానీ నిలిచింది. పత్రికలో అచ్చయిన రోజున మళ్లీ బొబ్బట్లు.

"ఇదేనా నిజం?" అని అడిగాను.

"కాదండీ. నిజం దీని కింద ఎక్కడో ఉంది. దీనికి పైన మాత్రం లేదు."

ఆ మాట అనే ధైర్యం మన పీఠాల మీద కూర్చున్న ఎందరికుంది? పరమాత్మ ఇంతే అని గొంతు చించుకుంటాం. ఇంతకన్నా లోతున ఉన్నాడని ఒప్పుకుంటే మన గొంతు పోతుందా? ఆనాటి నుంచి నా ప్రతి ఉపన్యాసం చివర ఆ మాట చెబుతున్నాను. ఇక ముందూ చెబుతాను.

పరామర్శకి వెళ్తే, ఆవిడ పెరట్లో ఆయన బట్టలు తడుపుతోంది. "మీ గంజి పంచె, అన్నయ్యగారూ. కడదాకా ఇదే కట్టారు" అని గుండిగలోకి వదిలింది. చప్పుడు లేకుండా అది అడుగుకంటా దిగింది. పలచబడ్డ నేతలోంచి ఇత్తడి మెరుస్తోంది.